రెక్కనొప్పికి కొలమానాలు

(సంఘం ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో పంచాంగ శ్రవణం, పద్యపఠనం జరగడం ఆనవాయితీ. మేము భుజంనొప్పిని గురించి మాట్లాడతామని చెప్పగా కార్యదర్శిగారు మొదట మా మొగంవంక చూశారు. తరువాత తమ జబ్బను తామే ఒకసారి నిమురుకొని, "సరే, మాట్లాడండి" అన్నారు. ఈ నొప్పి మన ఇళ్ళలో ఎంత మామూలో చెప్పడానికి ఆ ఒక్క సాక్ష్యం చాలును.

మేము వైద్యులము కాము. మెట్రిక్ దాకా చదివి, రైల్వేలో గుమస్తాగిరి చేసుకొంటున్నవాళ్ళము. మాది తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఒక పల్లె. మా మేనత్తగారికి రెక్క పట్టేసినప్పుడు ఏడాదిపాటు ఆమెను ఆసుపత్రులకు తిప్పడంలో మాకును కొంత పాలు ఉన్నది. మందులతోపాటు అక్కడ ఆమె చేతికిచ్చిన ప్రశ్నపత్రాలు మాకు కొత్తగా తోచినవి. వాటి సంగతి డాక్టర్లను అడిగి, దొరికినది చదివి తెలుసుకొన్న నాలుగు మాటలు మీ ముందు పెడుతున్నాము. మనలో చాలామందిమి తల్లిదండ్రులను ఊళ్ళో విడిచి వచ్చినవారమే. వారిని ఏదో ఒకనాడు పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్ళేది మనమే. ఆ కాగితం నింపేది కూడా మనమే. కాబట్టి ఇది మన ఇంటి విషయమే గాని వైద్యుల విషయం మాత్రమే కాదు.

రెక్కాడితేగాని డొక్కాడదని పెద్దలు ఊరకే అనలేదు. పావగడ తాలూకాకు మూడు వైపుల ఆంధ్రదేశమే. వాన తక్కువ, రాయి ఎక్కువ. శెనక్కాయ పెరకడం, కట్టెలు మోయడం, బిందెతో నీళ్ళు తేవడం, సంగటి కెలకడం, వీటన్నిటికీ భుజమే ఆధారం. ఇక పండుగ వచ్చిందంటే చెప్పనక్కరలేదు. తలంటుకోవాలంటే చెయ్యి నెత్తిమీదికి పోవాలి. గడపకు తోరణం కట్టాలంటే రెండు చేతులూ పైకి లేవాలి. ఓళిగలు తట్టాలంటే జబ్బలో బలం ఉండాలి. ఇంత పని చేసే అవయవం పట్టుకొని పోతే ఆ మనిషి బతుకే సగం ఆగిపోతుంది.

అయినా మనవాళ్ళు చెప్పరు. ఫోనులో "అత్తా, రెక్క ఎట్లుంది?" అని అడిగితే, "ఏమీ లేదు లేప్పా, బాగానే ఉండాను. వయసైపాయ గదా!" అంటారు. డాక్టరు అడిగినా అదే జవాబు. దూరాన ఉన్న బిడ్డలకు దిగులు కలిగించరాదని ఒకటి, ఖర్చు పెట్టించరాదని ఒకటి. ఈ "బాగానే ఉండాను" అన్నమాట వెనుక ఎంత బాధ దాగి ఉన్నదో బయటికి తీయడానికే ప్రశ్నపత్రాలు పుట్టినవి.

అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. చికిత్స చేసి పంపితే చాలదు, ప్రతి రోగిని కొంతకాలం తరువాత మళ్ళీ పిలిచి, ఏ మేరకు గుణం కలిగిందో చీటీమీద వ్రాసి పెట్టవలెనని ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలోనే పట్టుబట్టిన మనిషి ఆయన. తోటి వైద్యులు చాలామంది మెచ్చలేదు. ఆ కాడ్‌మనే 1934లో భుజాన్ని గురించి ఒక పెద్ద గ్రంథం వెలువరించి, భుజం బిగుసుకొనిపోయే జబ్బుకు 'ఫ్రోజన్ షోల్డర్', అనగా గడ్డకట్టిన భుజం, అని పేరు పెట్టాడు. మా మేనత్తగారికి వచ్చినది ఆ జబ్బే. మధుమేహం ఉన్నవారికి ఇది ఇతరులకంటె ఎక్కువగా వస్తుంది. ఆమెకు ఆ మధుమేహమూ ఉన్నది.

ఇప్పుడు ఒక్కొక్క పత్రాన్ని చూద్దాము.

1987లో కాన్‌స్టంట్, మర్లీ అనే ఇద్దరు వైద్యులు నూరు మార్కుల పద్ధతి ఒకటి తయారుచేశారు. అందులో నొప్పికి 15, రోజువారీ పనులకు 20, చెయ్యి ఎంత దూరం కదులుతుందో దానికి 40, బలానికి 25. అంటే రోగి నోటిమాటకు 35 మార్కులు, డాక్టరు కొలిచిన కొలతకు 65. ఇది మంచి కొలతే. అయితే ఇందులో మాట్లాడేది ఎక్కువగా డాక్టరే.

రోగియే జవాబు చెప్పే పత్రాలు తరువాత వచ్చినవి. 1991లో అమెరికాలో వచ్చినది 'స్పాడి'. ఇందులో 13 ప్రశ్నలు. అయిదు నొప్పిని గురించి, ఎనిమిది పనులను గురించి. ఒక్కొక్కదానికి సున్న నుంచి పది వరకు అంకె చెప్పాలి. గడచిన వారంరోజుల సంగతే అడుగుతారు. ఆ పక్కకు పడుకొంటే ఎంత నొప్పి, మెడవెనుక తాకితే ఎంత నొప్పి, వీపు రుద్దుకోవడం ఎంత కష్టం, ఎత్తుమీద వస్తువు పెట్టడం ఎంత కష్టం, ఇట్లా సాగుతుంది.

సియాటిల్‌లో తయారైన 'సింపుల్ షోల్డర్ టెస్టు'లో 12 ప్రశ్నలు. అన్నిటికీ అవును, కాదు అన్నదే జవాబు. అయిదు నిమిషాలు కూడా పట్టదు. కాని కొంచెం కష్టంగా చేసేవారిని, హాయిగా చేసేవారిని ఇది ఒకే గాటన కడుతుంది. పైగా బంతి విసరడం గురించి రెండు ప్రశ్నలున్నవి. మన అత్తలు బంతి ఎప్పుడు విసిరారు?

1994లో అమెరికా భుజవైద్యుల సంఘం ఒక పత్రం వెలువరించింది. అందులో నొప్పిని గురించిన ఒక్క ప్రశ్నకే 50 మార్కులు. పనులను గురించిన పది ప్రశ్నలూ కలిస్తే మిగిలిన 50. నొప్పే ప్రధానంగా బాధించేవారికి ఇది తగినట్టిది. చెయ్యి లేవకపోవడమే పెద్ద బాధ అయినవారికి అంత తగదు.

1996లో రెండు వచ్చినవి. ఒకటి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ పత్రం. 12 ప్రశ్నలు, గడచిన నాలుగు వారాల సంగతి. భుజానికి శస్త్రచికిత్స చేయించుకొనేవారికోసం కట్టినది. రాత్రి పక్కమీద నొప్పి ఉంటుందా, తల దువ్వుకోగలరా వంటి చక్కని ప్రశ్నలున్నవి. కాని కత్తి, ఫోర్కు ఒకేసారి పట్టుకోగలరా అన్నది కూడా అందులోనే ఉన్నది.

రెండవది 'డ్యాష్'. కెనడాలోని టొరంటో పరిశోధకులు, అమెరికా ఎముకల వైద్యుల సంస్థ కలిసి చేసినది. ఇది భుజానికి మాత్రమే కాక చెయ్యి మొత్తానికి. 30 ప్రశ్నలు, వాటిలో కనీసం 27కు జవాబు ఉంటేగాని లెక్క కట్టరాదు. 2005లో దీనినే 11 ప్రశ్నలకు కుదించారు. తాళంచెవి తిప్పడం, బిగుసుకొన్న మూత తీయడం, పైనున్న బల్బు మార్చడం వంటివి మనకూ సరిపోతవి. గోల్ఫు ఆట సరిపోదు. దాంపత్య విషయమైన ప్రశ్న కూడా ఒకటి ఆ ముప్పైలో ఉన్నది. కొడుకు పక్కన కూర్చొని చదివి వినిపిస్తూ ఉంటే ఏ తల్లి దానికి జవాబు చెప్పగలదు?

అన్నిటికంటె చిన్నది 1999లో వచ్చింది. ఒకే ప్రశ్న. మామూలు భుజాన్ని నూరు అనుకొంటే ఈరోజు మీ భుజం నూటికి ఎంత? ఇది విన్నప్పుడు మాకు నవ్వు వచ్చింది. మన పల్లెల్లో నాటువైద్యుడు ఎన్ని తరాలనుంచో "రూపాయికి ఎన్నణాలు తగ్గింది?" అని అడుగుతూనే ఉన్నాడు. ముసలమ్మలు "పావలా తగ్గిందప్పా, ముప్పావలా ఉంది" అని తడుముకోకుండా చెబుతూనే ఉన్నారు. అయితే ఈ ఒక్క ప్రశ్న ఎంత తగ్గిందో చెబుతుందిగాని ఏ పని ఆగిపోయిందో చెప్పదు.

ఇక మా ఇంట జరిగినది చెబుతాము.

మొదట వెళ్ళిన ఆసుపత్రిలో స్పాడి పత్రం ఇచ్చారు. ఇంగ్లీషులో ఉన్నది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి తెలుగులో అడిగి వ్రాసుకొన్నది. నొప్పి ప్రశ్నలు అయిదింటికి 50కి 35 వచ్చినవి. అంటే నూటికి 70. పనుల ప్రశ్నలలో ప్యాంటు తొడుక్కోవడం ఒకటి, వెనుక జేబులోనుంచి వస్తువు తీయడం ఒకటి ఉన్నవి. చీరకు జేబెక్కడిది? ఆ అమ్మాయి ఆ రెండింటినీ 'వర్తించదు' అని విడిచిపెట్టింది. అట్లా విడిచిపెట్టవచ్చునని ఆ పత్రం నియమమే. మిగిలిన ఆరింటికి 60కి 42 వచ్చినవి. అదీ నూటికి 70. రెండింటి సగటు 70. ఈ పత్రంలో సున్న అంటే పూర్తి ఆరోగ్యం, నూరు అంటే పూర్తి అవస్థ.

నెల తరువాత మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి సెలవులో ఉన్నది. కాగితం మా బావ చేతికి వచ్చింది. అత్తగారి పరిస్థితి ఏమీ మారలేదు. చెప్పిన అంకెలూ అవే. కాని బావ ఆ రెండు ప్రశ్నల దగ్గర, "ప్యాంటు లేదు, జేబు లేదు, కాబట్టి కష్టమూ లేదు" అని రెండు సున్నలు చుట్టాడు. ఇప్పుడు 80కి 42 అయినది, అనగా నూటికి 52న్నర. సగటు 61కి కొంచెం పైన. నెలలో దాదాపు తొమ్మిది మార్కులు తగ్గినట్టు కాగితం చెప్పింది! ఈ పత్రంలో 8 నుంచి 13 మార్కుల మేరకు తగ్గితే రోగికి నిజంగా గుణం తెలిసినట్టని వైద్యుల లెక్క. అంటే రెండు తప్పు సున్నలతో, మందూ మాకూ లేకుండానే, మా అత్తకు గుణం ఇచ్చేశాము. డాక్టరు సంతోషించి, ఇదే మందు సాగించమన్నాడు. ఆమె మాత్రం ఆ రాత్రి కూడా కూర్చొనే తెల్లవార్చింది.

తరువాతి విడత ఆ అమ్మాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూచి, సంగతి పట్టుకొన్నది. లెక్క సరిచేశారు, చికిత్స మార్చారు.

మరికొన్ని నెలలకు రెండవ అభిప్రాయం కోసం ఇంకొక ఆసుపత్రికి వెళ్ళాము. అక్కడ ఆక్స్‌ఫర్డ్ పత్రం. దానిమీద 20 వచ్చింది. మా బావ, "అక్కడ 70 ఉండె, ఇక్కడ 20. యాభై తగ్గింది గదా!" అని ఊరికి ఫోను కూడా చేశాడు. నిజమేమంటే ఆక్స్‌ఫర్డ్ పత్రంలో 48 వస్తే పూర్తి ఆరోగ్యం. ఇరవై అంటే బాధ బాగానే ఉన్నదని అర్థం. ఇంకొక చిక్కు చూడండి. ఇదే పత్రానికి మొదట పెట్టిన లెక్క తలక్రిందులు. అందులో 12 మంచిది, 60 చెడ్డది. కాబట్టి '48' అని ఒక పాత కాగితంమీద ఉంటే ఆ మనిషి అవస్థలో ఉన్నట్టు. కొత్త కాగితంమీద ఉంటే హాయిగా ఉన్నట్టు.

మా శాఖ భాషలో చెప్పవలెనంటే, ఒకప్పుడు గుంతకల్లులో మీటరుగేజి, బ్రాడుగేజి రెండూ ఉండేవి. ఒక గేజి బండి రెండో గేజి పట్టాలమీదికి ఎక్కదు. సరుకు దించి మళ్ళీ ఎక్కించవలసినదే. ఈ పత్రాలు కూడా వేరు వేరు గేజిలు. ఒకదాని అంకెను తీసుకొనివెళ్ళి రెండోదానిమీద పెట్టరాదు. ఏ పత్రంతో మొదలుపెట్టామో చివరిదాకా ఆ పత్రంతోనే చూచుకోవాలి. ఒక మనిషిని ఆ మనిషి వెనుకటి స్థితితోనే పోల్చాలి.

స్పాడిలో మాకు నచ్చిన గుణం మరొకటి ఉన్నది. నొప్పి మార్కు, పనుల మార్కు వేరు వేరుగా కనిపిస్తవి. గడ్డకట్టిన భుజంలో మొదటి దశ నొప్పి, తరువాతి దశ బిగువు, చివరన మెల్లగా సడలింపు. నొప్పి తగ్గినా చెయ్యి లేవని కాలం ఒకటి నెలలకొద్దీ నడుస్తుంది. ఆ కాలంలో మా అత్త "నొప్పి లేదు" అనేది, నిజమే. కాని కొప్పు ముడుచుకోవడానికి కోడలిని పిలిచేది. మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఈ తేడా కానరాదు.

ఇక భాష మాట. పావగడలో ఇంట తెలుగు, బడిలో కన్నడం, పెద్దాసుపత్రి కాగితంమీద ఇంగ్లీషు. మా అత్త సంతలో కన్నడం చక్కగా మాట్లాడుతుంది. నొప్పి మాత్రం తెలుగులోనే చెప్పగలదు. ఆ తెలుగులో నొప్పి ఒక మాట కాదు. సలుపు వేరు, పోటు వేరు, గుంజడం వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. "నొప్పి ఉందా?" అంటే లేదంటుంది. "సలుపుతుందా?" అంటే, "రాత్రంతా అదేగదప్పా!" అంటుంది.

ఇటువంటి పత్రాన్ని ఒక భాషలోనుంచి ఇంకొక భాషలోకి తేవడానికి 2000 సంవత్సరంలో పరిశోధకులు ఒక క్రమం వ్రాసి ప్రకటించారు. ఇద్దరు విడివిడిగా అనువదించాలి. రెండింటినీ కలిపి ఒకటి చేయాలి. మూలం చూడని మరి ఇద్దరు దానిని వెనుకకు ఇంగ్లీషులోకి మార్చాలి. వైద్యులు, భాష తెలిసినవారు కూర్చొని తేడాలు తీర్చాలి. తరువాత 30, 40 మంది రోగుల చేత నింపించి, ప్రతి ప్రశ్న వారికి ఏమని అర్థమైనదో అడగాలి. తమిళంలో స్పాడి ఈ విధంగా పరీక్షకు నిలిచి 2012లో వెలువడింది. గోల్ఫు స్థానంలో మన పని ఏది పెట్టాలో ఎవరికి తోచినట్టు వారు మార్చుకొంటే కొలత చెడుతుంది. క్రమం ప్రకారం మార్చితే నిలుస్తుంది.

ఈ పత్రాలు చేయలేని పని ఒకటి ఉన్నది. ఎంత బాధ అన్నది చెబుతవిగాని, ఏ జబ్బు అన్నది చెప్పవు. మా తాలూకాలో దీనిని మరీ గుర్తుంచుకోవాలి. అక్కడి బోరుబావుల నీళ్ళలో ఫ్లోరైడు హద్దుమీరి ఉండడం పాత వ్యధ. లీటరుకు ఒకటిన్నర మిల్లిగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతుంది. మించిన నీళ్ళు ఏండ్లతరబడి త్రాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకొంటవి. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి 1937లో ప్రకటించినది కూడా తెలుగునేలమీదనే, నెల్లూరు ప్రాంతంలో. దానిని అనుమానించడానికి మూడు సులభ పరీక్షలున్నవి. మోకాళ్ళు వంచకుండా వంగి నేలను తాకగలరా? గడ్డం రొమ్ముకు ఆనించగలరా? చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి తల వెనుక తాకగలరా? మూడవదానికి భుజం కావాలి. కనుక చెయ్యి లేవనివారందరిదీ ఒకే జబ్బు కాదు. మధుమేహం కావచ్చు, నరం తెగి ఉండవచ్చు, నీళ్ళ దోషం కావచ్చు. ఎడమ రెక్క నొప్పితోపాటు గుండెలో పట్టేసినట్టుండి చెమటలు పోస్తే, అది పత్రాలు నింపే సమయం కాదు. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తే సమయం.

కాబట్టి మేము మనవి చేసేది ఇంతే. పెద్దలను ఆసుపత్రికి తీసుకొని వెళ్ళినప్పుడు కాగితం ఇస్తే, ముందుగా తెలుగు ప్రతి ఉన్నదా అని అడగండి. లేకపోతే ప్రశ్న మీరు చదవండి, జవాబు వారిని చెప్పనివ్వండి. వారు ఆలోచించే లోపల మీరు చెప్పేయకండి. తల్లిని అడగడానికి కూతురో కోడలో ఉంటే మేలు. వర్తించని ప్రశ్న దగ్గర సున్న చుట్టకండి, వర్తించదని వ్రాయమనండి. పత్రం పేరు, తేదీ, మార్కు, ఏ అంకె మంచిదో, ఈ నాలుగూ ఒక నోటుబుక్కులో వ్రాసుకొని, తరువాతి విడత అదే పత్రం అడగండి. ఆ పత్రంలో లేని పని ఏదైనా ఆగిపోయి ఉంటే అది డాక్టరుకు నోటితో చెప్పండి. బిందె ఎత్తలేకపోతున్నదని చెప్పండి. స్పాడి అడిగే బరువు పది పౌండ్లు, నాలుగున్నర కిలోలు. పదిహేను లీటర్ల బిందె నింపితే అందులో మూడోవంతు కూడా కాదది.

మన సంఘానికి కూడా ఒక మనవి. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడూ తెలిసినవారు ఈ సభలోనే ఎందరో ఉన్నారు. పావగడ, మడకశిర, హిందూపురం పల్లెల మాట తెలిసినవారూ ఉన్నారు. ఏ వైద్యకళాశాలవారైనా, ఫిజియోథెరపీ కళాశాలవారైనా హక్కుదారుల అనుమతితో ఇటువంటి పత్రాన్ని మన పల్లె తెలుగులోకి తేదలచినప్పుడు, మాటసాయానికి మేము సిద్ధమని మన సంఘం పక్షాన ఒక జాబు వ్రాద్దాము. దానికి చందాలు అక్కరలేదు; అమ్మల మాట చెవిలో ఉన్నవారు నలుగురు చాలు.

మా మేనత్తగారి చెయ్యి ఇప్పుడు తల దాకా పోతున్నది. వీపు దాకా ఇంకా పోలేదు. రూపాయికి పన్నెండణాలు బాగున్నదని ఆమె లెక్క. మిగిలిన నాలుగణాలు కూడా ఈ ఏట తీరగలవని ఆశిస్తున్నాము.